రిటైర్మెంట్ డబ్బు: కమీషన్ ఏజెంటా, ఫీజు తీసుకునే అడ్వైజరా?

బాపు రిటైరై డబ్బు ఖాతాలో పడిన వారానికే హన్మకొండలో ఆయన బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికొచ్చి, చాయ్ తాగుతూ "సార్, ఇది ఎఫ్‌డీ లాంటిదే" అంటూ సంతకాలు పెట్టించుకున్నాడు. తీరా బాండ్ వచ్చాక చూస్తే బీమా పాలసీ, ఏటా 3 లక్షల చొప్పున ఐదేళ్లు కట్టాలి. పింఛన్ మీద బతికే మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? పాలసీ నచ్చకపోతే వెనక్కిచ్చేయడానికి ఉండే 30 రోజుల ఫ్రీలుక్ గడువు దాటకముందే రద్దు చేయించాం.

ఏజెంట్ ఫీజు అడగడు, ఫారాలు తనే నింపుతాడు, పెద్దవాళ్లకు అది సాయమే. కానీ ఆయనకు వచ్చేది కమీషన్. అందుకేనేమో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీమ్ మాటే ఎత్తలేదు. అందులో 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది.

పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీలో రిజిస్టరైన అడ్వైజర్ ఫీజు ముందే చెప్తాడు, మనకు సలహా ఇచ్చి కంపెనీల నుంచి కమీషన్ తీసుకోకూడదు. ఆయన నంబర్ ఐఎన్‌ఏతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఏఆర్‌ఎన్ నంబర్ చూపిస్తే కమీషన్ మీద మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్ అన్నమాట. మేం హైదరాబాద్‌లో సెబీ అడ్వైజర్ ఒకాయనతో వీడియో కాల్‌లో మాట్లాడాం. స్కీముల జోలికి పోకుండా ముందు నెల ఖర్చు అడిగాడు. బాపు నోట్‌బుక్ తెరిచి కిరాణా, బీపీ మందులు, కరెంటు బిల్లు ఒక్కోటీ చదివి వినిపించాడు.

ఫీజు కట్టేటప్పుడు మనసొప్పదు, నిజమే. అయినా పెద్ద మొత్తం ఉంటే నేనైతే ఫీజు వైపే. ఐదారు లక్షలే ఉంటే ఎవరూ అక్కర్లేదు, నేరుగా పోస్టాఫీసుకు వెళ్లండి.