క్లాసుకి వాట్సాప్ గ్రూపు: మూడేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. నోటీసు బోర్డుగా అయిదుకి నాలుగున్నర ఇస్తాను. పాఠం చెప్పే చోటుగా ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా భారీ వానలకు స్కూళ్లు మూసినప్పుడు పనికొచ్చినందుకు.

నేను హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతి 'బి' సెక్షన్‌కి క్లాస్ టీచర్ని, మొత్తం 42 మంది పిల్లలు. మూడేళ్ల కింద పేరెంట్స్ గ్రూపు పెట్టింది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. అందుకే ఈ రివ్యూలో తిట్లు చాలావరకు నాకే తగులుతాయి.

మంచి సంగతులు ముందు. పైసా ఖర్చు లేదు. 'రేపు సెలవు' అని ఒక్క ముక్క పెడితే నిమిషంలో అందరికీ తెలుస్తుంది. అన్నిటికన్నా వాయిస్ మెసేజ్ గొప్పది. మా క్లాసులో ఇద్దరు ముగ్గురు తల్లులకు చదవడం రాదు. డైరీలో ఎర్ర ఇంకుతో నేనెంత రాసినా పిల్లవాడు చదివి చెప్పినంతే వాళ్లకు చేరేది, అంటే వాడికి కావాల్సినంతే. ఇప్పుడు నా గొంతే నేరుగా వింటున్నారు.

ఇక పాఠం సంగతి. పోయినేడు వానాకాలంలో పిల్లలకు మూసీ వరద గురించి చెప్పాను. 1908 సెప్టెంబర్ 28న నది పొంగి ఊరు మునగడం, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి జనం ప్రాణాలు కాపాడుకోవడం, తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించడం, గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టడం. నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ ఊపులో నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. "వాన పడినప్పుడు మీ ఇంటి దగ్గర నీళ్లెక్కడ ఆగుతున్నాయో ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, రేపు మ్యాపు గీద్దాం" అన్నాను.

రాత్రి ఎనిమిదికి ఫొటోలు మొదలయ్యాయి. అపార్ట్‌మెంట్ సెల్లారు, బాల్కనీలోంచి తీసిన రోడ్డు, సఫిల్‌గూడ చెరువు గట్టు. ఒకబ్బాయి మాత్రం ఇంటి లోపలి ఫొటో పెట్టాడు. గచ్చు మీద చీలమండ లోతు నీళ్లు, ఇటుకల మీద ఎత్తిపెట్టిన గ్యాస్ స్టవ్వు, మంచం మీద గిన్నెలు, బియ్యం సంచి. ఓ మూల వాళ్లమ్మ వంగి మగ్గుతో నీళ్లు తోడుతోంది. నేనడిగినదానికి అందరికంటే సరైన జవాబు వాడిదే. నీళ్లు ఆగేది అక్కడే మరి. దానికింద మూడు నవ్వు బొమ్మలు, 'స్విమ్మింగ్ పూల్' అని ఒక మాట. ఆ నవ్విందెవరో, పిల్లలో తండ్రులో, నాకు ఈరోజుకీ తెలియదు. ఫోను ఇంటిల్లిపాదిదీ కదా.

ఆ టైముకి నేను చపాతీలు కాలుస్తున్నాను. చూసేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అడ్మిన్‌ని కాబట్టి ఆ ఫొటో నేనే తీసేశాను, కానీ అప్పటికే ఎవరు స్క్రీన్‌షాట్ తీశారో, ఏ గ్రూపుకి పంపారో ఎవరికి తెలుసు? అదే క్లాసులో అయితే నవ్వింది ఎవరో నాకు కనిపిస్తుంది, ఒక్క చూపుతో ఆపగలను. వాడు రెండు రోజులు స్కూలుకి రాలేదు. వచ్చాక దసరా సెలవుల దాకా పిల్లలు వాణ్ణి 'పూల్' అనే పిలిచారు.

రెండోది ఇంకా చేదు. ఒకావిడ ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. గ్రూపులో ఆమె నంబరు చూసి ఒక తండ్రిగారు రోజూ పొద్దున గులాబీ పువ్వులతో గుడ్ మార్నింగ్‌లు, కొన్నాళ్లకి రాత్రి పదింటికి 'తిన్నారా' అని మెసేజీలు. ఆమె చప్పుడు చేయకుండా గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఎవరైనా వెళ్లిపోతే అడ్మిన్లకే తెలుస్తుంది కాబట్టి నేను గమనించాను. ఫీజు మెసేజ్‌కి కోపమొచ్చిందేమో అనుకుని ఫోన్ చేస్తే, "మీరేం అనుకోకుండ్రి మేడం, మా పాపకు హోంవర్క్ డైరీలనే రాసియ్యున్రి" అంది. అసలు సంగతి పేరెంట్స్ మీటింగ్ రోజున అందరూ వెళ్లాక చెప్పింది. అడ్మిషన్ ఫారంలో ఆఫీసు కోసం రాసిచ్చిన నంబరది. ఆమెను ఒక్క మాట అడక్కుండా 41 ఇళ్లకి పంచింది నేను.

దీనికి యాప్‌లోనే మందు ఉంది. 'కమ్యూనిటీ' అని 2022 చివర్లో వచ్చింది. దాంట్లో అనౌన్స్‌మెంట్ గ్రూపులో అడ్మిన్లే రాయగలరు, మిగతావాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. మార్చుకోవడం పది నిమిషాల పని. నాకది రెండేళ్లు తెలియలేదు, మా స్టాఫ్ రూములో ఎవరికీ తెలియలేదు. గ్రూపు పెట్టడం అంత సులువుగా ఉండి, నంబర్లు దాచే దారిని మాత్రం వెతుక్కోవాల్సి రావడం నాకు నచ్చలేదు. రేటింగ్ కోసింది ముఖ్యంగా అక్కడే.

వయసు సంగతి కూడా ఉంది. యాప్ సొంతంగా వాడాలంటే 13 ఏళ్లు నిండాలని వాళ్ల నిబంధన. ఎనిమిదో తరగతిలో చాలామందికి అప్పుడప్పుడే నిండుతుంది. ఆరో తరగతికీ ఇలాంటి గ్రూపే ఉంది, పేరు 'పేరెంట్స్', చూసేది పిల్లలు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారమైతే 18 లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి రుజువు చూపగలిగే అనుమతి తీసుకోవాలి. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అమలుకు కొంత గడువిచ్చారు. మా స్కూల్లో అనుమతి అంటే అడ్మిషన్ ఫారం అడుగున చిన్నక్షరాల్లో 'ప్రచారానికి ఫొటోలు వాడుకోవచ్చు' అనే ఒక్క లైను. బతుకమ్మ రీలు, సైన్స్ ఫెయిర్ రీలు అన్నీ ఆ లైను మీదే నడుస్తున్నాయి. సంతకం పెట్టకపోతే సీటివ్వరేమోనని పెట్టిన సంతకం అది. రీలు తీసే రోజు ముందు వరసలో ఎవరిని నిలబెడతారో, ఎవరిని వెనక్కి పంపుతారో రాస్తే నా ఉద్యోగం పోతుంది.

ఇప్పుడు నేను వాడుతున్నది కమ్యూనిటీ ఒక్కటే. తేదీలు, సెలవులు, వాయిస్ మెసేజీలు. మార్కులు పెట్టను, పిల్లల ముఖాలు పెట్టను. ఎవరి మార్కులు వాళ్లింటికి ప్రోగ్రెస్ కార్డులోనే వెళ్తాయి. పేరెంట్స్‌లో కొందరికి ఇది నచ్చలేదు, 'పక్క సెక్షన్‌లో టాపర్స్ లిస్టు పెడుతున్నారు కదా మేడం' అంటున్నారు. పెట్టనీయండి.

ఈ ఏడు మూసీ పాఠం మళ్లీ చెప్పాను. మా ఏరియా మ్యాపు జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇచ్చి, నీళ్లాగే చోట చుక్క పెట్టి, పేరు రాయకుండా మడిచి సుద్దముక్కల డబ్బాలో వేయమన్నాను. చుక్కలన్నీ కలిపి బోర్డు మీద పెద్ద మ్యాపు గీశాం. ఒక చుక్క దగ్గర ఎవరో 'ఇంట్లోకి' అని చిన్నగా రాశారు. ఎవరో నేను కనుక్కోలేదు. జిరాక్స్‌కి 84 రూపాయలైంది, నా చేతి డబ్బే.