వింటి బద్ద దెబ్బతింటే దారం కట్టా, మేకతోలా, చెక్క అతుకా: ఏది మేలు?

చేతితో చేసిన కొయ్యవిల్లుకు మరమ్మతు అనుకున్నప్పుడు, దెబ్బ ఏ వైపున ఉందో ముందు తేల్చుకోవాలి. తాడు లాగినప్పుడు గురికి ఎదురుగా ఉండే వీపు సాగుతుంది, మన వైపు ఉండే కడుపు నలుగుతుంది. సాగేచోట పనికొచ్చే మందు నలిగేచోట పనికిరాదు. ఇది చూడకుండా ఎక్కడ గీత కనిపించినా జిగురు పూసి దారం చుట్టేస్తే, ఆ కట్టు కిందే విల్లు మళ్లీ విరుగుతుంది.

తాడు దించి, వీపు పొడవునా దూదితో మెల్లగా తుడవండి. పేడు లేచినచోట దూది చిక్కుకుంటుంది. కడుపును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిస్తే నలిగిన గీతలు అడ్డంగా, వెంట్రుకంత సన్నగా తేలతాయి. రాయి తగిలి పడిన సొట్టలో పీచు తెగకపోతే, సొట్ట అంచులు ఉప్పుకాగితంతో గుండ్రం చేసి వదిలేయండి. దాన్ని చదును చేయాలని చుట్టూ చెక్కితే లేని జబ్బు తెచ్చుకున్నట్టే.

వీపు మీద చిన్న పేడు లేస్తే దారం కట్టే మేలు. పేడును విరిచి పారేయకూడదు. సన్నని బ్లేడుతో కొద్దిగా ఎత్తి, వెంట్రుకవాసి పగులైతే ఫెవిక్విక్ రెండు మూడు చుక్కలు దింపండి. అంతకన్నా వెడల్పు సందైతే నిదానంగా ఆరే అరాల్డైట్ రెండు ట్యూబులనుంచీ సమంగా తీసి కలిపి, కాస్త ఎండలో పెట్టి పలచబడ్డాక కాగితం ముక్కతో లోపలికి నెట్టండి. మీద ప్లాస్టిక్ కాగితం వేసి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి, 24 గంటలు కదపకండి. తర్వాత పొంగిన జిగురు గీకేసి, బద్ద అంచుల పదును తీసి, పేడుకు అటూ ఇటూ అంగుళం దాటేదాకా పోగు పక్కన పోగు సందు లేకుండా చుట్టాలి. ధర్మవరం మగ్గాల దగ్గర దొరికే పట్టుపోగు దీనికి చాలా బాగుంటుంది. పురి ఎక్కువున్న నూలుదారం కన్నా చదునుగా పరుచుకుంటుంది, జిగురూ బాగా తాగుతుంది. ఈ కట్టు సాగే బలాన్ని మోయదు, పేడు మళ్లీ లేవకుండా అదిమి పట్టుకుంటుంది, అంతే. కాబట్టి పేడు జానెడు దాటినా, బద్ద అంచు నుంచి బయటికి పోయినా, మందంలో నాలుగో వంతు కన్నా లోతుకు దిగినా దారాన్ని నమ్మకండి.

పీచు అక్కడక్కడా లేస్తున్న విల్లుకు, అంటే చెక్కేటప్పుడే ఈనె (కొయ్య పొడవునా సాగే పీచు వరస) తెగిపోయిన విల్లుకు, ఒక్కచోట కట్టు కట్టి లాభం లేదు. వీపంతా పచ్చితోలు వేయాలి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడేది ఇలాంటి మేకతోలే. వెంట్రుకలు తీసి, ఊనబెట్టకుండా (పదును చేయకుండా), వెలుతురు కనిపించేంత పలచగా గీకినది. చెప్పుల తోలు పనికిరాదు, అది సాగిపోతుంది. పచ్చితోలును చన్నీళ్లలో మెత్తబడేదాకా నానబెట్టండి. వేడినీళ్లు తగిలితే ముడుచుకుని పాడైపోతుంది. సబ్బుతో కొవ్వు వదిలించి, బద్ద కన్నా అర అంగుళం వెడల్పుగా రెండు ముక్కలు కోసి, పిడి దగ్గర కలిసేలా ఫెవికాల్‌తో అతికించండి. అరాల్డైట్ తడి తోలుకు పట్టదు. గాలిబుడగలు లేకుండా వేళ్లతో నొక్కి, నూలుగుడ్డ పట్టీతో చివరిదాకా చుట్టాలి. ఒక రోజుకు పట్టీ విప్పి, వారం రోజులు నీడలో ఆరనివ్వండి, ఎందుకంటే తోలులో నీళ్లు కొయ్యలోకీ దిగుతాయి. మన ఎండల్లో ఆరుబయట పెడితే తోలు జిగురు కన్నా ముందు ఆరి, అంచులు పైకి లేస్తాయి. అందుకే ఈ పని సాయంత్రం మొదలుపెట్టడం మంచిది. బద్ద బరువు కాస్త పెరిగి బాణం వేగం కొద్దిగా తగ్గుతుంది. విల్లు మిగలడం ముఖ్యమనుకుంటే అదేం నష్టం కాదు.

చెక్క అతుకు కడుపు వైపుకే. వీపు మీద వేస్తే సాగినప్పుడు అతుకు చివరలు ఊడివస్తాయి. కడుపులో గీతలు పడ్డాయంటే అక్కడ బద్ద మిగతాచోట్ల కన్నా ఎక్కువ వంగుతోందని అర్థం. గీతలు ఇంకా పైపైనే ఉంటే అతుకు అక్కర్లేదు. గీతలున్న చోటుకు ఇరుపక్కలా బిర్రుగా ఉన్నచోట కడుపు వైపు గీకి, వంపును అందరికీ పంచినట్టు బద్దంతా పంచాలి. విల్లు లాగుడు బలం 40 పౌండ్ల నుంచి 35కు దిగినా దిగనివ్వండి. గీతలు గోటికి తగిలేంత లోతైతే, 10 మి.మీ. మందం బద్దలో 2 మి.మీ. లోతున, 12–15 సెం.మీ. పొడవున, రెండు చివరలూ సున్నాకు దిగే పల్లపు వంపు తీసి, అదే కొయ్య ముక్కను ఈనె పొడవుకు ఉండేలా అతికించాలి. అతుకు చివర మెట్టులా ఆగితే కొత్త గీత సరిగ్గా అక్కడే పుడుతుంది. దీపం వెనక పెట్టి చూస్తే సందులో వెలుతురు రాకూడదు. అతుకుకు నల్లమలలో కొమ్మ కొట్టుకు రావద్దు, అది నేరం. విల్లు చేసినప్పటి తునకలు దాచుకోండి.

వెదురు విల్లుకు లెక్క వేరు. వెదురు బలమంతా బయటి పెంకు దగ్గరి పీచులో ఉంటుంది. వీపు వైపున్న ఆ పెంకు కణుపు దగ్గర తెగితే ఈ మూడింట్లో ఏదీ నిలవదు, కొత్త బద్ద చూసుకోవాలి.

ఏ మరమ్మతైనా వేసవిలో పరీక్షించకండి. మార్చి నుంచి మే దాకా కర్నూలు, అనంతపురం, కడపల్లో మధ్యాహ్నపు గాలికి కొయ్యలో తేమ 5–6 శాతానికి పడిపోయి వీపు పెళుసెక్కుతుంది. 8–10 శాతం ఉండాలి. రేకుల కొట్టంలోనో, ఎండలో ఆపిన కారులోనో పెడితే జిగురు కూడా మెత్తబడుతుంది.

మొదటిసారి చేత్తో లాగొద్దు. విల్లును గోడకు బిగించిన కొయ్య మీద నిలిపి, వింటి తాడుకు ఇంకో తాడు కట్టి, దాన్ని కింద గిలక గుండా తెచ్చి, రెండు మీటర్ల దూరం నుంచి పక్కకు నిలబడి లాగండి. సగం దాకా ఇరవై ముప్పై సార్లు, మళ్లీ దూదితో చూసుకుని ముప్పావు దాకా. ఇదివరకు 28 అంగుళాలు లాగేవారైతే ఇకపై 26 దగ్గర ఆపండి. కట్టుకు, అతుకుకు రెండు చివరలా పెన్సిల్ గీత గీసి ఉంచండి. పగులు ఆ గీత దాటి కనిపించిన రోజున తాడు దించేసి, ఆ బద్దను మళ్లీ వంచకండి.