వన్‌మ్యాన్ బ్రేక్ బ్లీడర్ బాటిల్: కొనేముందు పైపు చూడండి

పెడల్ మెత్తగా దిగి, రెండు మూడుసార్లు పంప్ చేస్తే గట్టిపడుతుంటే చాలావరకు బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేకు నూనె) లైన్‌లో గాలే. వెనక డ్రమ్ షూలు అరిగి గ్యాప్ పెరిగినా ఇలాగే ఉంటుంది, అది ముందు చూసుకోండి. గాలి తీయడానికి ఈ బాటిల్ మంచి పనిముట్టు. పైపులో వన్‌వే వాల్వ్ ఉంటుంది కాబట్టి పెడల్ వదిలినప్పుడు గాలి వెనక్కి పోదు, రెండో మనిషి అక్కర్లేదు.

లోపం పైపులోనే ఉంది. చక్రం దగ్గర గాలి తీయడానికి విప్పే స్క్రూ, అంటే నిపుల్ మీద వదులుగా కూర్చుంటుంది. పక్కనుంచి గాలి పీల్చి బుడగలు వస్తూనే ఉంటాయి, లోపల గాలి ఉందనుకుని ఫ్లూయిడంతా వృథా చేస్తారు. చిన్న జిప్ టై బిగించండి. నిపుల్‌ను పావు చుట్టే తిప్పండి, అదీ రింగ్ స్పానర్‌తోనే. ఓపెన్ స్పానర్ అంచులు కొరికేస్తుంది.

రిజర్వాయర్‌లో, అంటే ఫ్లూయిడ్ పోసే డబ్బాలో, మట్టం మినిమమ్ గీత దిగితే గాలి మళ్లీ లోపలికి పోయి పని మొదటికే. దాని మూత మీద డాట్ 4 (ఫ్లూయిడ్ రకం) అని ఉంటే అదే, సీల్ తీయని డబ్బాలోంచి పోయండి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టింది 155కే మరిగి ఆవిరి బుడగలతో పెడల్ మెత్తబడొచ్చు. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంజిన్ ఆన్‌లో కాలు నొక్కి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతోందా? బయట లీకు లేకపోతే పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ సీళ్లను అనుమానించండి. దానికి ఈ బాటిల్ పనికిరాదు, బండి కదపకండి.