బరంపురం నుంచి ల్యాప్‌టాప్‌లు అద్దెకు తెచ్చుకునేవాళ్ళు ఇది చదవండి

నిన్న ఆదివారం ఒడిశాలోని పర్లాకిమిడిలో మా గ్రూపు తరఫున పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద వర్క్‌షాప్ పెట్టాం. 22 మంది వచ్చారు. సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేసరికి ఒక్కరి చేతా పది లైన్లు టైపు చేయించలేకపోయాను. ఇంకా కోపం దిగలేదు.

మిషన్లు పంపింది ఎవరో చాలామందికి తెలిసే ఉంటుంది, మన వైపు కోచింగ్ సెంటర్లకి పంపేది ఆయనే. 12 ల్యాప్‌టాప్‌లు, రోజుకి ఒక్కోటి 400, డిపాజిట్ 5000. "విండోస్ 10, ఎనిమిది జీబీ ర్యామ్, అన్నీ కండిషన్‌లో ఉన్నాయి అన్నయ్యా" అన్నాడు. తెలుగువాడు, నోరారా అన్నయ్యా అంటున్నాడు, నమ్మేశాను. ఆ మాటే వాట్సాప్‌లో పెట్టమని అడగలేదు. తప్పు నాదే. ముందురోజు రాత్రి పదిన్నరకి మిషన్లు దిగితే బ్యాగులు విప్పి చూడకుండా పడుకున్నాను, అదీ నా తప్పే.

పొద్దున్న ఆన్ చేస్తే అన్నీ విండోస్ 7. రెండు జీబీ ర్యామ్. సగం వాటికి బ్యాటరీ లేదు, ఒకదానికి చార్జర్ పిన్ను చేత్తో వంచి పట్టుకుంటేనే వెలుగుతోంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్టు ఆపేసింది. పైథాన్ 3.9 నుంచి ఏదీ దాని మీద ఎక్కదు. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 3.13. సరే, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పాత 3.8.10 దింపాం. దానికి ముందు విండోస్ అప్‌డేట్ ఒకటి వేయాలంది. అది వేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది.

ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్‌లోనే ఉంది, గదిలో అందరూ వింటున్నారు.

"పాస్‌వర్డ్ చెప్పండి, రేపు మీరే మార్చుకోండి" అన్నాను.

"అలా ఇవ్వం సార్." అన్నయ్య పోయి సార్ వచ్చింది.

"విండోస్ 10 అన్నారు కదా?"

"మిషన్ ఆన్ అవుతోంది కదా, ఇంకేం కావాలి? పాస్‌వర్డ్ కావాలంటే ఒక్కోదానికి 300 ఫోన్‌పే చేయండి, చెప్తాను."

ఇంతమంది పిల్లలు కూర్చుని ఉన్నారండీ అన్నాను.

"పిల్లల్ని నేను పిలిచానా?" అని పెట్టేశాడు.

మూడు వేల ఆరు వందలు. గ్రూపు దగ్గర ఉన్నది టిఫిన్ల డబ్బే. వేయలేదు. నా జేబులోంచి వేసేయాల్సిందేమో అని రాత్రంతా నిద్ర లేదు.

ఇక్కడి పిల్లలకి బడిలో ఒడియా, కంప్యూటర్ పుస్తకంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో వాడుక తెలుగులోనే ప్రోగ్రామింగ్ చెబుదామని రెండు నెలలు కూర్చుని తయారు చేసుకున్నాం. పైథాన్ 3లో వేరియబుల్‌కి, అంటే ప్రోగ్రాంలో విలువ దాచుకునే పేరుకి, తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చని గ్రూపులో ముందే మెసేజ్ పెట్టాను. అది చూసి కాశీనగర్ నుంచి ఒక ప్లస్ టూ అమ్మాయి నాన్నతో పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ప్రోగ్రాం మొత్తం రాసుకొచ్చింది. 'అమ్మ' పొడవు ఎంత, అంటే పైథాన్ లెక్కలో ఎన్ని అక్షరాలు, అన్నచోట 2 అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. జవాబు 4. అ, మ, పొల్లు, మ విడివిడిగా లెక్కకొస్తాయి. అది తన వేళ్ళతో కొట్టి, 4 వచ్చినప్పుడు ఎందుకని తనే అడగాలి. ఆ పిల్ల ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని, నా ఒక్క ల్యాప్‌టాప్ నుంచి గోడ మీద పడిన 4ని చూసి రబ్బరుతో 2 చెరిపేసుకుంది. "పర్లేదు బాబూ, మళ్ళీ పెట్టినప్పుడు కబురు చెయ్యండి" అన్నారు వాళ్ళ నాన్న. ఆయన కోప్పడినా బాగుండేది.

సాయంత్రం మిషన్లు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడు "లాక్ గెలికారట" అని డిపాజిట్‌లో 2000 కోత పెట్టాడు. మిగతా 3000 రేపు పంపుతాం అన్నారు. ఈ రోజంతా ఫోన్ ఎత్తలేదు.

అద్దెకి తీసుకునేవాళ్ళు ఒక మిషన్ రెండు రోజుల ముందే తెప్పించుకుని, మీరు నేర్పబోయేది దాంట్లో ఎక్కించి చూడండి. విండోస్ ఏదో, ర్యామ్ ఎంతో, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తారో లేదో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఈయన దగ్గర డిపాజిట్ ఇరుక్కున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి, బుధవారం బరంపురం వెళ్తున్నాను, కలిసి వెళ్దాం.