తిరుపతిలో ఐవీఎఫ్: ఊళ్లోని సెంటరా, చెన్నై ఆసుపత్రి బ్రాంచా?

తిరుపతి, చిత్తూరు దంపతుల ముందు ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సకు) మూడు రకాల ఏర్పాట్లు ఉంటాయి. అన్నీ ఊళ్లోనే చేసే సెంటరు ఒకటి. ఇంజెక్షన్లు, స్కాన్లు ఇక్కడ పెట్టి, గుడ్లు (అండాలు) తీయడం చెన్నైలో చేసే బ్రాంచి రెండోది. ల్యాబ్ ఉన్నా, ఎంబ్రియాలజిస్టు (ల్యాబ్‌లో పిండాల్ని పెంచి చూసే నిపుణుడు) నెలలో కొన్ని రోజులే వచ్చే సెంటరు మూడోది.

ఏది ఎంచుకున్నా ముందు గోడ మీది ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ పత్రం చదవండి. 2022 జనవరి 25న ఏఆర్‌టీ చట్టం (సంతాన సాఫల్య చికిత్సల చట్టం) అమల్లోకి వచ్చేదాకా వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలే దిక్కు. పాటించకపోయినా శిక్ష లేదు. ఇప్పుడు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం) మాత్రమే చేసే సెంటరు లెవెల్ 1; ఐవీఎఫ్, ఇక్సీ (ఒక్కో గుడ్డులోకి ఒక్కో శుక్రకణాన్ని ఎక్కించడం) చేసేది లెవెల్ 2. సెంటరు కట్టాల్సిన రిజిస్ట్రేషన్ ఫీజు మొదటిదానికి 50 వేలు, రెండోదానికి 2 లక్షలు. పత్రం ఐదేళ్లే చెల్లుతుంది, కాబట్టి 2022-23లో తీసుకున్నవాటికి 2027-28లో గడువు తీరుతుంది. తేదీ తప్పక చూడండి. నర్సింగ్‌హోమ్ రిజిస్ట్రేషన్, స్కానింగ్‌కు తీసుకున్న పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) పత్రం ఎన్ని వేలాడినా దీనికి బదులు కావు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ సరొగసీ కేసులో బిడ్డ డీఎన్‌ఏ దంపతులతో కలవలేదు. ఆ సెంటరు లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయిందని అధికారులు చెప్పారు.

ఇక తేడాలు. చెన్నై బ్రాంచితో అసలు చిక్కు గడియారం దగ్గర వస్తుంది. ట్రిగ్గర్ ఇంజెక్షన్ (గుడ్లను చివరిగా పక్వం చేసేది) వేశాక 34-36 గంటల్లో గుడ్లు తీయాలి. రాత్రి 10కి ఇక్కడ ఇంజెక్షన్ వేస్తే, ఎల్లుండి ఉదయం 8-10 మధ్య చెన్నైలో టేబుల్ మీద ఉండాలి. ఆ ఉదయమే బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గుడ్లు ముందే విడుదలైపోవచ్చు. కాబట్టి ముందు రోజు సాయంత్రానికే అక్కడ దిగాలి. తర్వాత కడుపు ఉబ్బి, ఆయాసం, మూత్రం తగ్గడం వంటి ఓహెచ్‌ఎస్‌ఎస్ (ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించడం) లక్షణాలు కనిపిస్తే అర్ధరాత్రి చూసేది తిరుపతి డాక్టరే. ఆయన చేతిలో మీ చెన్నై ఫైలు ఉంటుందా? పైగా గుడ్లు తీసిన చోటుపై ఫిర్యాదు చేయాలంటే తమిళనాడు అధికారుల దగ్గరికే వెళ్లాలి. అయినా ఆ ల్యాబ్ రోజూ నడిచేదైతే ఈ తిప్పలు పడొచ్చు.

మూడో రకం, అంటే ఎంబ్రియాలజిస్టు అప్పుడప్పుడే వచ్చే సెంటరు, నాకు నచ్చదు. ఎంబ్రియాలజిస్టు వచ్చే తేదీకి సరిపోయేలా అందరి నెలసరి చక్రాలనూ మాత్రలతో ఒకేసారికి తెస్తారు. ఎవరి ఫాలికల్స్ (గుడ్లు పెరిగే తిత్తులు) ఆ రోజుకు ఎదగకపోయినా, ముందే ఎదిగినా సర్దుకోవాల్సిందే. ఫలదీకరణ జరిగిందో లేదో 16-18 గంటలకు చూడాలి. ఆ తర్వాత మూడో రోజు, ఐదో రోజు పిండాల్ని చూడాలి. ఎంబ్రియాలజిస్టు మధ్యాహ్నం రైలెక్కేస్తే మర్నాడు ఉదయం మైక్రోస్కోపు ముందు ఎవరు? ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు చెప్పేవారి ముఖం చూడండి. లెవెల్ 2 అంటే ఎంబ్రియాలజిస్టు, అనస్థటిస్టు (మత్తు డాక్టరు), కౌన్సెలర్ కూడా ఉండాలి. తనిఖీ రోజు కనబడితే చాలదు.

అందుకే లెవెల్ 2 పత్రం అమల్లో ఉండి, ఎంబ్రియాలజిస్టు ఈ ఊళ్లోనే ఉండే సెంటరు దొరికితే అదే మేలు. లేకుంటే చెన్నై ప్రధాన కేంద్రం. పత్రం మాత్రం సక్సెస్ రేటుకు హామీ కాదు, అది స్థలం, సిబ్బంది, రికార్డులు ఉన్నాయనే చెబుతుంది.

డోనర్ గుడ్లయితే మరింత జాగ్రత్త. డోనర్ వయసు 23-35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు గుడ్లకు మించి తీయకూడదు, ఒకే జంటకు ఇవ్వాలి. డోనర్ నుంచి పదిహేను గుడ్లు గ్యారంటీ అన్నారంటే చట్టం దాటినట్టే.

అడ్వాన్సు కట్టేముందు మూడు రాతపూర్వకంగా తీసుకోండి: గుడ్లు తీసే చోటి రిజిస్ట్రేషన్ నంబరు, పిండాలు నిల్వ ఉండే చిరునామా, మధ్యలో సెంటరు మారితే రికార్డుల నకళ్లు ఎన్ని రోజుల్లో ఇస్తారో. ఆ నంబరును జాతీయ ఏఆర్‌టీ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉన్న పేరు, చిరునామాతో సరిచూడండి. అక్కడ చెన్నై చిరునామా ఒక్కటే కనబడితే, తిరుపతి బ్రాంచిలో గుడ్లు తీయించుకోవద్దు.