కర్కుమిన్ క్యాప్సూల్స్: సీసా మీద రాసినదీ, రాయనిదీ

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స పూర్తయి, కీమోథెరపీ మొదలు కావలసిన రోజుల్లో మా అక్క కోసం ఈ కర్కుమిన్ క్యాప్సూల్స్ రెండు సీసాలు తెప్పించాను. సీసాకు అరవై క్యాప్సూల్స్, రోజుకు రెండు చొప్పున వేసుకోవాలి. ఒక్కొక్క దానిలో 500 మిల్లీగ్రాముల పసుపు సారం, అందులో 95 శాతం కర్కుమినాయిడ్లు (కర్కుమిన్, దాన్ని పోలిన పదార్థాలు), వాటితో పాటు మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్ 5 మిల్లీగ్రాములు ఉన్నాయని లేబుల్ మీద ఉంది. కంపెనీ కరపత్రం మాత్రం ఇంకా ముందుకు వెళ్లి, ఇది క్యాన్సర్ కణాలను అణచివేస్తుందని పరిశోధనల్లో తేలిందని చెబుతుంది. ఆ ఒక్క వాక్యమే నన్ను ఈ సీసా కొనేలా చేసింది కాబట్టి, ముందు దాని గురించే రాస్తాను.

ఆ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. పసుపు కొమ్ముకు రంగునిచ్చే కర్కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. కణాల్లో వాపునూ, కణాల మనుగడనూ నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్‌ను అది అడ్డుకుంటుందని 1995లో తేలిన తరువాత, ప్రయోగశాలల్లో దాని మీద వేల సంఖ్యలో అధ్యయనాలు జరిగాయి. అయితే గాజుపాత్రలోని కణాల మీద పోసినంత కర్కుమిన్ మనిషి రక్తంలోకి చేరదు. నేను ఒక క్యాప్సూల్ విప్పి పొడిని నీళ్లలో వేసి కలిపి చూశాను; అది కరగకుండా ఉండలు కట్టి పైకి తేలింది. దేహంలోనూ ఇదే చిక్కు: పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్న కొంచెమూ పేగు గోడలోనూ కాలేయంలోనూ త్వరగా రూపం మారి బయటికి పోతుంది.

క్లోమగ్రంథి క్యాన్సర్ రోగుల మీద చేసి 2008లో ప్రచురించిన ఒక పరీక్షలో రోజుకు 8 గ్రాములు, అంటే ఈ క్యాప్సూల్స్ పదహారింటికి సమానమైన మోతాదు ఇచ్చారు. ఫలితాన్ని అంచనా వేయగలిగిన 21 మందిలో ఇద్దరిలోనే మందు పనిచేసిన ఆనవాలు కనిపించింది. అందులో ఒకరి కణితి బాగా తగ్గినా ఆ తగ్గుదల ఎక్కువ కాలం నిలవలేదు. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష మరింత సూటిగా చెప్పింది: కర్కుమిన్ ఎన్నో ప్రొటీన్లకు విచక్షణ లేకుండా అతుక్కుని ప్రయోగాలను తప్పుదారి పట్టిస్తుందని, డబుల్ బ్లైండ్ పద్ధతిలో (ఎవరికి అసలు మందు అందుతోందో రోగికీ, వైద్యుడికీ తెలియకుండా) జరిగిన ఏ పరీక్షలోనూ అది నెగ్గలేదని. మొక్కల నుంచి క్యాన్సర్ మందు రాదని దీని అర్థం కాదు. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, పసిఫిక్ యూ చెట్టు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్ ఇప్పటికీ ఎందరినో బతికిస్తున్నాయి. కానీ అవి కొలిచిన మోతాదులో, వైద్యుల కనుసన్నలలో, నరంలోకి ఎక్కించే మందులు.

పైపరిన్‌ను ఇందులో ఎందుకు కలిపారో ఇక తేలికగానే అర్థమవుతుంది. రెండు గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలోకి చేరే కర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగిందని 1998 నాటి ఒక చిన్న అధ్యయనం చూపింది. అయితే పైపరిన్ ఈ పని చేసేది మందులను విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైముల జోరు తగ్గించడం ద్వారానే. కాబట్టి అదే సమయంలో వాడే ఇతర మందుల మోతాదు కూడా రక్తంలో అనుకోకుండా పెరగవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందు ప్రభావాన్ని కర్కుమిన్ తగ్గించినట్టు 2002లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కనిపించింది. అక్కకు రాసిన మందుల్లో అదీ ఒకటి. లేబుల్ ఫొటో చూపించగానే ఆమె ఆంకాలజిస్ట్, చికిత్స జరుగుతున్నన్నాళ్లూ దీన్ని ముట్టవద్దని స్పష్టంగా చెప్పారు. ముందే అడిగినందుకు నాకు ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను.

ఆ తరువాత ఒక సీసా నేనే వాడాను. తయారీలో లోపమేమీ లేదు: మూత బిగువుగా ఉంది, బ్యాచ్ నంబరూ గడువు తేదీ స్పష్టంగా ఉన్నాయి, క్యాప్సూల్ మింగడానికి ఇబ్బంది లేదు. పరగడుపున వేసుకున్న రోజుల్లో మాత్రం గుండెల్లో మంట వచ్చింది. అంతకు మించి నెల రోజుల్లో మంచి గానీ చెడు గానీ నాకు కనిపించలేదు.

అయినా నేను ఐదింటికి రెండు నక్షత్రాలే ఇస్తున్నాను. పసుపు సారం ఉన్న మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాటిలో చాలా వాటిలో పైపరిన్ కూడా ఉంది. పిత్తాశయంలో రాళ్లున్నవారూ, రక్తం పలచబరిచే మందులు వాడేవారూ వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ఈ సీసా మీద గర్భిణులకు తప్ప మరెవరికీ హెచ్చరిక లేదు. క్యాన్సర్ పేరు చెప్పి అమ్మే కరపత్రంలో, కీమోథెరపీ తీసుకుంటున్నవారు వైద్యుణ్ణి అడగాలన్న ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ మాటే కంపెనీకి రాసి, తెరవని రెండో సీసాను తిప్పి పంపాను.