తీరపు అడవిని ఎవరికి అమ్మాలి: ప్లాట్ల వాడికా, కాపాడతానన్న వాడికా? అసలు అమ్మాలా?

డల్లాస్‌లో ఉండే మా బావ 2008లో ఇద్దరు స్నేహితులతో కలిసి కోస్టారికాలోని ఓసా ద్వీపకల్పంలో 40 హెక్టార్ల అడవి కొన్నాడు. మన లెక్కలో దాదాపు 100 ఎకరాలు. కోకాపేటలో ఎకరం కొనలేక అక్కడ వంద కొన్నాడని ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్లు. ఇప్పుడు ముగ్గురికీ అరవై దగ్గర పడ్డాయి. పిల్లలకు ఆ అడవి మీద ఆసక్తి లేదు. అమ్మేద్దామనుకుంటుంటే రెండు బేరాలు వచ్చాయి. ఒకతను ముక్కలు చేసి అమ్ముకునే డెవలపర్. రెండో ఆయన అడవిని అలాగే ఉంచి పది కాటేజీలు మాత్రం కడతానంటున్నాడు, ధర పాతిక శాతం తక్కువ. "ఏం చెయ్యమంటావు బామ్మర్దీ?" అని బావ ఫోన్. అమ్మకుండా ఉంచుకోవడం కూడా ఒక దారే కాబట్టి మొత్తం మూడు.

నేను ఆ స్థలం ఒక్కసారే చూశాను. గుర్తున్నది ఒకటే. ఒడ్డున బాదం చెట్లు. మన వీధుల్లో ఉండే బాదమే, ఆసియా నుంచి వెళ్లి అక్కడి తీరాల్లో పాతుకుపోయింది. కొమ్మల్లో ఎర్రటి మకా చిలుకలు జంటలుగా కూర్చుని కాయలు ఒలుచుకు తింటున్నాయి. పైనుంచి పెంకు ముక్కలు టపటపా రాలి నా చెప్పుల మీద పడుతున్నాయి. చిన్నప్పుడు మనం రాయితో కొట్టి పప్పు తీసినంత కష్టం కూడా వాటికి లేదు.

సరే, అసలు విషయం. ముందు బావ ఏం అమ్ముతున్నాడో తేలాలి. స్థలం సముద్రం దాకా ఉందని చెబుతుంటాడు కానీ కాగితం మీద అలా లేదు. 1977 నాటి చట్టం ప్రకారం అక్కడ పోటు హద్దు నుంచి 200 మీటర్ల పట్టీ మామూలుగా ప్రైవేటు ఆస్తి కాదు. మొదటి 50 మీటర్లు పూర్తిగా ప్రజలది. మిగతా 150 మీటర్లు మున్సిపాలిటీ లీజు లాంటి అనుమతి మీద ఇస్తుంది. అదీ అక్కడ ఐదేళ్లు చట్టబద్ధంగా నివసించని విదేశీయుడికి, సగానికి మించి విదేశీ వాటా ఉన్న కంపెనీకి ఇవ్వరు. మన దగ్గర తీరం వెంట కట్టడాలను అదుపు చేసే సీఆర్‌జడ్ నిబంధనలకూ దీనికీ తేడా ఏమిటంటే, మన దగ్గర భూమి నీదే కానీ కట్టకూడదంటారు, అక్కడ భూమే నీది కాదంటారు. కాబట్టి బావ అమ్మగలిగేది ఆ పట్టీ వెనక ఉన్న పట్టా అడవి. "బీచ్ ఫ్రంట్" అని ప్రకటన ఇస్తే మోసం కిందికి వస్తుంది.

ఇక డెవలపర్ సంగతి. ఎక్కువ డబ్బు ఇతనే ఇస్తాడు, అందులో అనుమానం లేదు. అడవి కొట్టేస్తాడేమోనన్నది బావ భయం. అంత సులువు కాదు. 1996 అటవీ చట్టం ప్రకారం అడవి ఉన్న భూమిని వేరే వాడకానికి మార్చడం నేరం. రెండు హెక్టార్లు, ఆపైన ఉండి, 70 శాతం పైగా నీడ కప్పి, హెక్టారుకు 60కి మించి లావాటి చెట్లుంటే చాలు, అది అడవే. 1980లలో దేశంలో పావు వంతుకు పడిపోయిన అడవి ఇప్పుడు సగం దాటిందంటే ఈ చట్టానికీ అందులో వాటా ఉంది. కానీ ఇల్లు, పర్యాటక వసతి లాంటి వాటికి అనుమతి తీసుకుని కొంత మేర కొట్టుకునే వెసులుబాటు ఉంది. డెవలపర్ నడిచేది ఆ సందులోంచే. స్థలాన్ని అర హెక్టారు ముక్కలుగా, అంటే ఎకరంపావు చొప్పున, చేస్తాడు. ప్రతి ముక్కలో ఒక ఇల్లు. లెక్క చూస్తే అడవి చాలావరకు నిలిచే ఉన్నట్టు కనిపిస్తుంది.

దెబ్బ కొట్టేది ఇళ్లు కాదు, రోడ్డు. 60, 70 ముక్కలకు దారి ఇవ్వాలంటే కొండ వాలు మీద మెలికలు తిరిగే రోడ్లు తవ్వాలి. ఏడాదికి 4000 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోటు అది, మన కోస్తాకు నాలుగింతలు. తవ్విన ఎర్రమట్టి మొదటి వానకే వాగులోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతుంది. పైన ఆకుల గొడుగు తెగిపోతుంది. ఓసాలో నాలుగు రకాల కోతులున్నాయి. వాటిలో స్పైడర్ కోతి నేల మీదికి దిగడం అరుదు, కొమ్మ నుంచి కొమ్మకే దాని ప్రయాణం. దానికి రోడ్డంటే గోడే.

నీళ్లు ఇంకో చిక్కు. ఊరి నీటి సంఘం నుంచి "కార్తా దె అగ్వా", అంటే నీళ్లిస్తామన్న లెటర్ లేనిదే ఇంటికి పర్మిషన్ రావడం కష్టం. ఒక చిన్న సంఘం 70 ఇళ్లకు ఆ లెటర్ ఇస్తుందా? అందుకే ఇలాంటి డెవలపర్లు ముందు కొద్దిగా అడ్వాన్స్ ఇచ్చి, పర్మిషన్లు వచ్చాక మిగతాది అంటారు. ఎక్కువ ధర కాగితం మీద ఉంటుంది, డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు.

అమ్మకుండా ఉంచుకోవడం వినడానికి అందరికీ నచ్చుతుంది. అక్కడి ప్రభుత్వం 1997 నుంచి అడవిని నిలబెట్టినందుకు యజమానులకు డబ్బిస్తోంది, పెట్రోలు పన్నులో 3.5 శాతం దీనికే పోతుంది. చాలాకాలం పాటు ఇది హెక్టారుకు ఏడాదికి 64 డాలర్లుగా నడిచింది. ఆ లెక్కన 40 హెక్టార్లకు 2560 డాలర్లు. దూరంగా ఉండే యజమానికి కాపలాదారు తప్పదు, ఎందుకంటే ఖాళీగా కనిపించే అడవిలో ఎవరో ఒకరు గుడిసె వేసి స్వాధీన హక్కు అడుగుతారు. ఆ కాపలాదారు జీతానికీ సోషల్ సెక్యూరిటీకీ ఈ డబ్బు కొన్ని నెలలకు మించి రాదు. కాగితం రాసుకోకుండా పెట్టుకుంటే రేపు ఆ కాపలాదారే హక్కు అడగొచ్చు. అరవై దగ్గర పడ్డ ముగ్గురు మనుషులు డల్లాస్‌లో కూర్చుని మోయగలిగిన బరువు కాదిది.

మిగిలింది రెండో కొనుగోలుదారు. ఆయనతో నేనూ ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడాను. పెద్దమనిషి, పక్షుల పేర్లు గడగడా చెబుతాడు. బావ ఫ్లాట్ అయిపోయాడు. నా ప్రశ్న వేరు. ఆయన మంచివాడే, ఆయన తర్వాత? కొడుకు అమ్మేస్తే? కాటేజీలు నష్టాల్లో పడి బ్యాంకు జప్తు చేస్తే? పాతిక శాతం తక్కువ తీసుకునేది అడవి నిలుస్తుందని కదా. ఆ హామీ ఆయన నోట్లో ఉంటే సరిపోదు, భూమి కాగితంలో ఉండాలి.

అందుకు అక్కడ ఒక పద్ధతి ఉంది, సెర్విదుంబ్రె ఎకొలోహికా అంటారు. మన పొలాల్లో దారి హక్కు లాంటిదే. పక్క పొలం వాడికి గట్టు మీదుగా బండి దారి రాసిచ్చాక, మీరు పొలం ఎవరికి అమ్మినా ఆ దారి పోదు. ఇక్కడ రాసిచ్చేది దారి కాదు, 'నా అడవిలో ఫలానా హద్దు దాటి చెట్టు కొట్టను, రోడ్డు వేయను' అనే మాట. అక్కడి సివిల్ కోడ్ ప్రకారం ఇది ఒక భూమి ఇంకో భూమికి ఇచ్చే హక్కు, కాబట్టి పక్కన దాన్ని అందుకునే భూమి ఉండాలి. బావ స్థలానికి ఉత్తరాన చిన్న ప్రైవేటు రిజర్వు ఉండటం అదృష్టం. నోటరీ రాసిన దస్తావేజు నేషనల్ రిజిస్ట్రీలో ఎక్కాక, ఎవరు వెతికినా మన రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీలో తాకట్టు కనిపించినట్టు ఆ షరతు కనిపిస్తుంది.

ఓసాలోనే దీనికి ఉదాహరణ ఉంది. లాపా రియోస్ అనే లాడ్జిని ఒక అమెరికన్ దంపతులు 1990లలో దాదాపు 1000 ఎకరాల అడవిలో పెట్టారు, కట్టింది పదహారు బంగళాలే. తర్వాత ఆ అడవి మీద ఇలాంటి షరతు రాయించారు. ఇప్పుడు లాడ్జి యజమానులు మారారు, అడవి మాత్రం అలాగే ఉంది.

కాబట్టి నా ఓటు రెండో బేరానికే, కానీ వరస ముఖ్యం. ముందు బావ పేరు మీద ఉండగానే షరతు రిజిస్టర్ కావాలి, అమ్మకం తర్వాత. అమ్మాక రాస్తాను అనే మాటను నేను నమ్మను. ఆయన మూడేళ్ల వాయిదాలు అడిగాడు కాబట్టి బాకీ తీరేదాకా ఆ భూమి మీద మొదటి తనఖా బావ పేరున ఉండాలి. కాటేజీలు ఎక్కడ, ఎన్ని, రోడ్డు ఎంత వెడల్పు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు వైపు లైట్లు పడకుండా ఏం చేస్తారు, ఇవన్నీ మ్యాపుతో సహా ఆ షరతు దస్తావేజులోనే ఉండాలి. పన్ను ఎవరికి అమ్మినా ఒకటే. 2019 జులైకి ముందు కొన్నది కాబట్టి లాభం మీద 15 శాతం బదులు అమ్మిన ధర మీద 2.25 శాతం కట్టే వీలుంది, లాభం బాగా ఉంది కనుక బావకు రెండోదే నయం.

డెవలపర్‌కి కూడా ఇదే షరతు పెట్టి చూడమన్నాను, ధర తగ్గించుకునైనా సరే. న్యాయంగా ఉండాలి కదా. బావ ఇద్దరికీ ఒకే మెయిల్ పంపి మూడు వారాలైంది. డెవలపర్ నుంచి జవాబు లేదు. పక్షుల పెద్దాయన మొదట కాస్త చిన్నబుచ్చుకుని, "నన్ను నమ్మట్లేదా?" అని అడిగాడట. నాలుగు రోజుల తర్వాత ఆయన సర్వేయర్ నుంచి మ్యాపు వచ్చింది. రోడ్డు వాగు దాటకుండా గీశాడు. పది కాటేజీలు ఎనిమిదయ్యాయి.